గీతపై నిషేధం: కెవిన్ ఓనీల్ భయానక చిత్రకథలు

బాలల చేతికి ఏ బొమ్మ చేరవచ్చు, ఏది చేరరాదు అన్న ప్రశ్నకు రాజ్యం చట్టరూపంలో సమాధానం చెప్పిన సందర్భాలు ఎక్కువ లేవు. బ్రిటిష్ పార్లమెంటు 1955లో చేసిన హానికర ప్రచురణల చట్టం అటువంటి వాటిలో ఒకటి. మరుసటి సంవత్సరమే భారత పార్లమెంటు యువజనుల (హానికర ప్రచురణల) చట్టాన్ని ఆమోదించింది. రెండు చట్టాల పాఠాలను పక్కపక్కన పెట్టి చదివినవారికి వాటి బంధుత్వం ఇట్టే తెలిసిపోతుంది. నేరాచరణ, హింసాక్రౌర్యాలు, జుగుప్సాకరమో భీతావహమో అయిన సంఘటనలు అన్న మూడు అంశాలూ రెండింటిలోనూ అదే వరుసలో కనిపిస్తాయి. ఇంగ్లండు చట్టం ప్రధానంగా బొమ్మలతో చెప్పిన కథలకే పరిమితమైంది. భారత చట్టం బొమ్మలున్నా లేకున్నా కథ అయితే చాలునన్నది; ఇరవై ఏండ్ల లోపువారందరినీ యువజనులుగా పరిగణించింది. అక్కడ అభియోగం మోపడానికి అటార్నీ జనరల్ సమ్మతి కావాలి. ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వం తన ప్రధాన న్యాయాధికారిని సంప్రదించి ప్రచురణను స్వాధీనం చేసుకోవచ్చు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న శాసనకర్తలు ఒక్క సంగతిని మాత్రం స్పృశించలేదు. కథలో ఏమి జరుగుతున్నదన్నదే వారి విచారణాంశం. దానిని ఏ గీతతో గీశారన్నది వారి దృష్టికి రాలేదు.

ఆ ప్రశ్న ముప్పై ఏండ్ల తరువాత, అదీ అమెరికాలో, కెవిన్ ఓనీల్ అనే బ్రిటిష్ చిత్రకారుని విషయంలో తలెత్తింది. ఆయన చిత్రకళా జీవితాన్ని పరిశీలించడానికి అంతకన్నా అనువైన ద్వారం మరొకటి లేదు.

ఓనీల్ 1953 ఆగస్టు 22న లండనులో జన్మించాడు. బ్రిటిష్ చట్టం వచ్చేనాటికి ఆయనకు రెండేండ్లు కూడా నిండలేదు. ఆ చట్టానికి దారితీసిన ఆందోళన అమెరికా భయానక చిత్రకథల పునర్ముద్రణలను గురించినది. 1954 సెప్టెంబరులో గ్లాస్గో నగరంలోని గోర్బల్స్ పేటలో వందలాది పిల్లలు కర్రలూ కత్తులూ పట్టుకొని, ఇనుప పళ్ళున్న రక్తపిశాచి కోసం శ్మశానమంతా గాలించారు. ఆ పిశాచి ఇద్దరు పిల్లలను పొట్టన పెట్టుకున్నదని వదంతి. తప్పు వెంటనే చిత్రకథల మీదికి వచ్చింది. ఇనుప పళ్ళ భూతం బైబిలులోని దానియేలు గ్రంథంలోనూ, ఆ ప్రాంతపు జానపద సంప్రదాయంలోనూ ఉన్నదని తరువాతివారు గుర్తుచేశారు గాని, అప్పటికే చట్టం పుట్టింది. మార్టిన్ బార్కర్ 1984లో వెలువరించిన పరిశోధన ఈ ఆందోళనలోని మరొక చోద్యాన్ని బయటపెట్టింది. ఉపాధ్యాయులు, మతాచార్యులు ముందువరుసలో కనిపించిన ఆ ఉద్యమానికి తొలి ఊపునిచ్చినవారిలో బ్రిటిష్ కమ్యూనిస్టులు ఉన్నారు. వారి అసలు అభ్యంతరం అమెరికా సంస్కృతి చొరబాటుపైన. అది క్రమంగా బాలల సంరక్షణ అనే సర్వజనామోదమైన వేషం వేసుకున్నది. చట్టాల వెనుక ఉన్న ఉద్దేశాలకూ, చట్టాల పీఠికలలో కనిపించే ఉద్దేశాలకూ మధ్య ఉండే దూరం చరిత్రకారులకు కొత్త కాదు.

ఆ చట్టం కింద అభియోగాలు బహు అరుదు. దాని ప్రభావం న్యాయస్థానాలలో కంటే ప్రచురణకర్తల మనస్సులలోనే ఎక్కువ. భయానకం చిత్రకథల దుకాణం ముందు తలుపు నుంచి వెళ్ళిపోయింది; హాస్యం ముసుగు వేసుకొని పెరటి తలుపు నుంచి తిరిగివచ్చింది. లియో బాక్సెండేల్, కెన్ రీడ్ వంటి హాస్య చిత్రకారుల బొమ్మలలో సాగిపోయే ముఖాలు, ఉబ్బిన కళ్ళు, పళ్ళికిలించే వికారాలు బ్రిటిష్ పిల్లలకు వారం వారం అందేవి. కెన్ రీడ్ గీసిన ఒక పాత్ర తన ముఖాన్ని కావలసిన వికృత రూపంలోకి మార్చుకోగలదు. నవ్వు పుట్టించే ఈ వికారం ఒక్క అడుగు పక్కకు వేస్తే భయం పుట్టించే వికారమవుతుంది. ఓనీల్ చిత్రకళ అంతా ఆ ఒక్క అడుగులో ఉంది.

పదహారవ ఏట ఆయన లండనులో ‘బస్టర్’ అనే పిల్లల హాస్య వారపత్రికలో ఆఫీసు బాయ్‌గా చేరాడు. ఇతరుల బొమ్మలలో దిద్దుబాట్లు చేయడం, అతకడం, రంగులు సూచించడం అక్కడి పనులు. కళాశాల పట్టాలు లేని ఈ శిక్షణను చిన్నచూపు చూడరాదు. అచ్చుకు వెళ్ళిన తరువాత చవక కాగితం మీద ఏ గీత నిలుస్తుంది, ఏది అలుక్కుపోతుంది అన్న జ్ఞానం అటువంటి చోటనే అబ్బుతుంది. ఓనీల్ బొమ్మలలో పల్చని నీడ తక్కువ, గాఢమైన నలుపు ఎక్కువ కావడానికి ఆ చవక కాగితానికీ సంబంధం ఉండి ఉండాలి.

1976 నాటికి అదే ప్రచురణ సంస్థలో పాట్ మిల్స్ అనే రచయిత-సంపాదకుడు పిల్లల పత్రికల స్వరూపాన్నే మార్చే ప్రయత్నంలో ఉన్నాడు. ఆయన రూపొందించిన ‘యాక్షన్’ వారపత్రిక హింస ఎక్కువైనదన్న నిరసనలకు గురై ఆ ఏడాది అక్టోబరులో నిలిచిపోయింది. కోరలు పీకించుకొని తిరిగివచ్చినా ఎంతో కాలం మనలేదు. మిల్స్ దీని నుంచి ఒక పాఠం నేర్చుకున్నాడు. వర్తమానంలో, మనుషుల మధ్య చూపిస్తే దుమారం రేపే హింసను భవిష్యత్తులో, మరమనుషుల మధ్య చూపిస్తే ఎవరూ పట్టించుకోరు. తెగిన చేయి ఇనుపదైతే కారేది నూనె. 1977 ఫిబ్రవరిలో వెలువడిన ‘2000 ఏ.డి.’ అనే వైజ్ఞానిక కల్పనల వారపత్రిక ఈ యుక్తి ఫలితమే. ఓనీల్ అందులో కళా విభాగంలో చేరాడు.

అక్కడ ఆయన చేసిన తొలి చెప్పుకోదగ్గ పని బొమ్మ కాదు. బ్రిటిష్ పిల్లల పత్రికలలో రచయితల, చిత్రకారుల పేర్లు వేసే ఆచారం ఆనాడు లేదు. ఎవరైనా బొమ్మ మూలన సంతకం చేస్తే తెల్లరంగు పూసి చెరిపివేయడం ఆ కార్యాలయాలలో మామూలు. రచయిత, చిత్రకారుడు, అక్షరకారుడు ఎవరో తెలిపే చిన్న పట్టీని ఓనీల్ కథల పేజీలలో ప్రవేశపెట్టాడు. పత్రిక కథలన్నీ మరమనుషులే తయారు చేస్తారన్న పరిహాసంలో భాగంగా వారిని ‘రోబో’లుగా పేర్కొన్నారు కనుక అది ఆటగా కనిపించింది. ఆటలో ఉన్న అసలు విషయం మాత్రం చిన్నది కాదు. పేరు తెలిసిన చిత్రకారుణ్ణి పాఠకుడు వెదుక్కుంటాడు. ఇతర ప్రచురణకర్తలు పిలుస్తారు. కొన్నేండ్లలో బ్రిటిష్ చిత్రకారులకు అమెరికా నుంచి వరుసగా పిలుపులు రావడానికి ఈ పట్టీ దోహదం చేసింది.

మిల్స్‌తో కలిసి ఓనీల్ ‘రో-బస్టర్స్’, ‘ఏ.బి.సి. వారియర్స్’ వంటి మరమనుషుల కథలకు రూపమిచ్చాడు. అవి చురుకైన, సరదా అయిన పనులు. వాటిని దాటి ముందుకు పోవచ్చు. ఆయన ప్రతిభ పూర్తిగా విప్పారినది ‘నెమెసిస్ ది వార్లాక్’లో. 1980లో విడికథగా మొదలై, 1981లో తొలి భాగంగా ధారావాహికమైన ఈ కథ సుదూర భవిష్యత్తులో జరుగుతుంది. భూగోళం లోపల పాతాళంలా తొలిచిన నగరాలలో మనుషులు నివసిస్తుంటారు. అన్య గ్రహాల జీవులన్నింటినీ అపవిత్రమైనవిగా ప్రకటించి, వాటిని సమూలంగా తుడిచిపెట్టే పవిత్ర యుద్ధాన్ని నడిపే అధిపతి టార్కెమాడా. పేరు కల్పితం కాదు. పదిహేనవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు మతవిచారణ సభకు తొలి మహా విచారణాధికారి అయిన తోమాస్ దె టార్కెమాడాదే ఆ పేరు. కథలో ఈ ఇద్దరికీ ఉన్న సంబంధం పేరుతో ఆగిపోదు గాని, ముఖ్యమైన పోలిక మనస్తత్వంలో ఉంది. శుద్ధి పేరిట చేసే హింసకు హింస అన్న స్పృహ ఉండదు.

అతనిని ఎదిరించే నెమెసిస్ మనిషి కాదు. గిట్టలు, పొడవైన గుర్రపుమోము, కొమ్ముల్లాంటి తలకట్టు. క్రైస్తవ చిత్రసంప్రదాయంలో సైతానుకు ఏ లక్షణాలు ఇచ్చారో సరిగ్గా అవే. కథానాయకుడు సైతానులా, ప్రతినాయకుడు మతగురువులా కనిపిస్తారు. రచయితగా మిల్స్ ఈ తారుమారును ఒక వాక్యంలో చెప్పగలడు; దానిని పాఠకుని కంటికి నమ్మించవలసిన భారం చిత్రకారునిది. తొలి విడికథలలో ఓనీల్ నెమెసిస్ ముఖాన్ని చూపనే లేదు. అతని వాహనం మాత్రమే కనిపిస్తుంది, లోపలి నుంచి గొంతు వినిపిస్తుంది. ముఖం వెల్లడయ్యేసరికి పాఠకుడు అప్పటికే అతని పక్షాన చేరిపోయి ఉంటాడు. ఇక భయపడి వెనుదిరగడానికి వీలుండదు.

టార్కెమాడా సైనికుల శిరస్త్రాణాలు మూసిన గోపురాల వలె ఉంటాయి. కోటలకు కోరలుంటాయి. వాహనాలకు పక్కటెముకలుంటాయి. గోథిక్ ఆలయ వాస్తువులోని నిలువు గీతలను ఓనీల్ ఎముకలుగానూ, ఆయుధాలుగానూ మార్చాడు. ఆయన పేజీలో ఖాళీ చోటు అంటూ ఉండదు. మూలలలో సైతం ఏదో ఒకటి పాకుతూనో నవ్వుతూనో ఉంటుంది. ఒక ప్రమాదంలో టార్కెమాడా శరీరాన్ని కోల్పోయి ప్రేతంగా మిగులుతాడు. ఇతరుల దేహాలలో ప్రవేశించి బతుకుతాడు. ఆ దేహాలు కొద్దికాలానికే కుళ్ళిపోతాయి. శుద్ధిని బోధించేవాడే నిరంతరం కుళ్ళిపోతూ ఉండడమన్న ఈ కల్పన, ఓనీల్ కలంలో ఒక నైతిక వాదంగా నిలిచింది. ఆయన మొత్తం కృషిలో సర్వోత్తమమైన పుటలు ఈ తొలి భాగానివే. నాలుగవ భాగం ఆరంభించి ఆయన తప్పుకోగా బ్రయన్ టాల్బట్, ఆ తరువాత జాన్ హిక్లెంటన్ ఆ కథను కొనసాగించారు. టాల్బట్ గీత సొగసైనది. హిక్లెంటన్ గీత ఓనీల్ కన్నా ఎక్కువ భయపెడుతుంది. ఓనీల్ భయంలో ఉండే పరిహాసం మాత్రం ఇద్దరిలోనూ లేదు.

ఇక అమెరికా ఉదంతం. అక్కడ ప్రభుత్వం చట్టం చేయలేదు. 1954లో సెనేటు ఉపసంఘం విచారణలు జరిపిన తరువాత, ప్రచురణకర్తలే ఒక సంఘంగా ఏర్పడి ‘కామిక్స్ కోడ్’ అనే నియమావళిని విధించుకున్నారు. ముందుగా పరిశీలనకు పంపి, ముఖపత్రం మీద సమ్మతి ముద్ర వేయించుకున్న పుస్తకాలనే పంపిణీదారులు తీసుకునేవారు. శీర్షికలో భయాన్ని సూచించే పదాలు వాడరాదు; రక్తపిశాచాలు, శవభక్షకులు, తోడేలుమనుషులు కనిపించరాదు. 1971లో ఈ చివరి నిబంధనను కొంత సడలించారు. మొత్తం మీద నియమావళి అంతా వస్తువును గురించినదే.

1986లో డి.సి. సంస్థ ‘గ్రీన్ లాంటర్న్ కోర్’ వార్షిక సంచిక కోసం అలన్ మూర్ రాసిన ‘టైగర్స్’ అనే చిన్న కథకు ఓనీల్ బొమ్మలు వేశాడు. అబిన్ సర్ అనే విశ్వరక్షకుడు శాపగ్రస్తమైన ఒక గ్రహం మీద దిగుతాడు. అక్కడ బంధితమై శిలువలపై వేలాడుతున్న ప్రాచీన రాక్షసులు అతనితో మాటలు కలుపుతారు. వారిలో ఒకడు అబద్ధమాడడు. నిజాలే చెబుతాడు, ఆ నిజాలతోనే భయాన్ని నాటుతాడు. తన శక్తి ఒకనాడు తనను మోసగిస్తుందన్న అనుమానంతో అబిన్ సర్ జాగ్రత్త పడతాడు. ఆ జాగ్రత్తే అతని చావుకు కారణమవుతుంది. పట్టుమని పన్నెండు పుటల ఈ కథలో నెత్తురు ఏరులై పారదు. ఉన్న హింస ఆనాటి సగటు వీరగాథలో ఉన్నదానికన్నా ఎక్కువ కాదు.

పరిశీలకులు సమ్మతి ముద్రను నిరాకరించారు. ఏ బొమ్మలు మార్చితే ఆమోదిస్తారని సంపాదకులు అడిగారు. ఏవి మార్చినా లాభం లేదని, చిత్రకారుని శైలే ఆమోదయోగ్యం కాదని జవాబు వచ్చింది. డి.సి. సంస్థ ఆ సంచికను ముద్ర లేకుండానే విడుదల చేసింది.

పరిపాలనానుభవం ఉన్న పాఠకునికి ఇందులో దోషం వెంటనే కనిపిస్తుంది. నియమావళిలో లేని కారణంతో జారీ అయిన ఉత్తర్వు ఇది. వస్తువును నిషేధించే నిబంధన ఎంత కటువుగా ఉన్నా, ఏది తీసివేస్తే సరిపోతుందో చిత్రకారునికి చెప్పగలదు. శైలిని నిషేధించినప్పుడు తీసివేయవలసినది చిత్రకారుణ్ణే. అటువంటి ఉత్తర్వుపై అప్పీలుకు ఆస్కారం లేదు, ఎందుకంటే ఖండించవలసిన వాస్తవం ఏదీ అందులో లేదు. ఓనీల్ అభిమానులు ఈ ఉదంతాన్ని నవ్వుతూ చెప్పుకుంటారు. నవ్వుకు అందని అంశం ఒకటి అందులో ఉంది.

అయితే ఆ పరిశీలకుడు నియమం తప్పినా, చూపు తప్పలేదు. ఓనీల్ కళను గురించి అంత సూటి అయిన విమర్శ మరొకరు చేయలేదనే చెప్పాలి. సాధారణ భయానక చిత్రకారుడు భయంకరమైన వస్తువును గీస్తాడు. ఆ వస్తువును తీసివేస్తే మామూలు బొమ్మ మిగులుతుంది. ఓనీల్ కుర్చీని గీసినా అది కరవడానికి సిద్ధంగా ఉన్నట్లుంటుంది. మూలల వద్ద విరిగే గీత, సూదిమొనగా ముగిసే వంపు, దీపం ఎటునుంచి వెలుగుతున్నా పొంతన కుదరని నీడ, ఇవన్నీ కలిసి పాఠకుని కంటికి నిలకడ లేకుండా చేస్తాయి. భయం వస్తువులో లేదు, గీతలో ఉంది. పరిశీలకుడు దానిని కనిపెట్టాడు, కనిపెట్టి జడుసుకున్నాడు.

భారతీయ అలంకారశాస్త్రానికి ఈ చిక్కు అంతగా ఎదురుకాదు. భరతుడు భయానకాన్నీ, బీభత్సాన్నీ రసాలుగానే పరిగణించాడు. ఒకదానికి భయం, మరొకదానికి జుగుప్స స్థాయిభావాలు. భయానకానికి నాట్యశాస్త్రం చెప్పిన వర్ణం నలుపు. 1956 నాటి చట్టంలోని మూడవ అంశమైన జుగుప్సాకర, భీతావహ సంఘటనలను సంస్కృతంలోకి మార్చితే ఈ రెండు రసాల పేర్లే వస్తాయన్నది శాసనకర్తలకు తోచి ఉండదు. ఆ చట్టాన్ని పార్లమెంటు చర్చించిన కాలంలోనే ‘చందమామ’ బాలపాఠకులు శవాన్ని భుజాన వేసుకొని శ్మశానం దాటే విక్రమార్కుని కథలకు అలవాటు పడుతున్నారు. శంకర్ గీసిన ఆ బేతాళుని బొమ్మ తరతరాల పిల్లల కళ్ళలో నిలిచిపోయింది. ఏ రాష్ట్ర ప్రభుత్వానికీ అది హానికరమని అనిపించలేదు. కారణం కేవలం సంప్రదాయ గౌరవమని తేల్చివేయడం తొందరపాటవుతుంది. శంకర్ గీత ప్రశాంతమైనది. పుర్రెలూ నక్కలూ చుట్టూ ఉన్నా రాజు నడకలో తొట్రుపాటు లేదు. పిల్లవాడు ఆ రాజు భుజం మీద నుంచి శ్మశానాన్ని చూస్తాడు. ఓనీల్ పుటలో పట్టుకోవడానికి అటువంటి భుజం దొరకదు. ఈ రెండు పద్ధతులలో ఏది ఉత్తమమన్నది వ్యర్థ ప్రశ్న. అవి రెండు వేర్వేరు పనులు చేస్తాయి.

‘టైగర్స్’ తరువాతి చరిత్రలో చిన్న వినోదం ఉంది. ముద్రకు నోచుకోని ఆ పన్నెండు పుటలలోని జోస్యాలను ఆధారం చేసుకొని, ఇరవై ఏండ్లు దాటిన తరువాత అదే సంస్థ తన అతి పెద్ద కథాచక్రాలలో ఒకదానిని నిర్మించుకున్నది. సమ్మతి ముద్ర సంగతి చెప్పవలసివస్తే, మార్వెల్ సంస్థ 2001లో ఆ నియమావళి నుంచి తప్పుకొన్నది. 2011లో చివరి ప్రచురణకర్తలు కూడా వదలుకోవడంతో అది అంతరించింది.

1987లో మిల్స్, ఓనీల్ కలిసి ఆరంభించిన ‘మార్షల్ లా’ వీరపురుషుల ఆరాధనపై దండయాత్ర. దక్షిణ అమెరికాలో జరిగిన యుద్ధానికి ప్రభుత్వం కృత్రిమంగా తయారుచేసిన మహావీరులు, యుద్ధం ముగిశాక పనిలేక, మతి చెడి నగరంలో దౌర్జన్యాలు చేస్తుంటారు. వారిని వేటాడే అధికారి కూడా వారిలో ఒకడే. చేతికి ముళ్ళతీగ చుట్టుకున్న ఆ అధికారి ఆకృతి ఓనీల్ సృష్టించిన గొప్ప ఆకృతులలో ఒకటి. తొలి ఆరు సంచికలలో వియత్నాం అనంతరకాలపు అమెరికా గాయం వ్యంగ్యం అడుగున సలుపుతూ ఉంటుంది. తరువాతి భాగాలలో గాయం మానిపోయింది, తిట్లు మిగిలాయి. ప్రతి గోడ మీదా ప్రతి దుస్తు మీదా చమత్కార వాక్యాలు రాస్తూ పోయిన ఓనీల్ అలవాటు అక్కడ శక్తిగా కాక చాదస్తంగా పరిణమించింది.

అలన్ మూర్‌తో కలిసి 1999 నుంచి 2019 వరకు సాగించిన ‘ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్మెన్’ ఓనీల్‌కు విస్తృతమైన ఖ్యాతిని తెచ్చింది. విక్టోరియా యుగపు నవలలలోని పాత్రలను బ్రిటిష్ సామ్రాజ్యం ఒక రహస్యదళంగా నియమించుకోవడం ఇందులోని కల్పన. భారతీయ పాఠకునికి ఇందులో ప్రత్యేక ఆసక్తి కలిగించే పాత్ర కెప్టెన్ నీమో. జూల్స్ వెర్న్ మొదట ఆ పాత్రను రష్యన్లపై పగబట్టిన పోలండు కులీనుడుగా ఊహించాడు, ప్రచురణకర్త ఒప్పుకోలేదు. 1870లలో వెలువడిన ‘మిస్టీరియస్ ఐలాండ్’లో నీమో అసలు పేరు రాకుమారుడు దక్కార్ అనీ, బుందేల్‌ఖండ్‌కు చెందినవాడనీ, టిప్పు సుల్తాను వంశబంధువనీ, 1857 తిరుగుబాటులో పోరాడి సర్వస్వం పోగొట్టుకున్నవాడనీ వెల్లడించాడు. బుందేల్‌ఖండ్ రాజవంశానికీ మైసూరు నవాబులకూ ఈ చుట్టరికం ఎలా కుదిరిందని చరిత్ర విద్యార్థి అడగవచ్చు. నవలాకారునికి ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వాలి. 1954 నాటి డిస్నీ చిత్రంలో జేమ్స్ మేసన్ ధరించిన నీమోలో ఈ భారతీయత జాడ కూడా లేదు. తలపాగా, గడ్డం, కత్తి, ఆగ్రహంతో ఓనీల్ అతనిని తిరిగి స్వదేశీయుణ్ణి చేశాడు. 2003లో వచ్చిన చలనచిత్రంలో నసీరుద్దీన్ షా ఆ పాత్ర ధరించడం ఈ పునరుద్ధరణ ఫలితమే. చిత్రం పేలవమైనది, నటుడు కాడు.

నీమో నౌకకు ఓనీల్ సముద్రజీవి ఆకృతినిచ్చాడు. అది బొమ్మలలో యంత్రం వలె కాక వేటకు వెలువడిన ప్రాణి వలె కదులుతుంది. బ్రిటిష్ గూఢచారి విభాగానికి సేవ చేస్తూ, ఆ సామ్రాజ్యాన్ని ద్వేషిస్తూ ఉండే నీమో ముఖాన్ని ఆయన ఎన్నడూ నవ్వనివ్వలేదు. రెండవ సంపుటంలో అంగారక గ్రహవాసుల దండయాత్రను ఆపడానికి ప్రభుత్వం రోగక్రిములను ఆయుధంగా ప్రయోగిస్తుంది. లండను ప్రజలు కూడా దానికి బలవుతారు. ఆ వార్త విన్న నీమో దళాన్ని విడిచి వెళ్ళిపోయే ఘట్టంలో ఓనీల్ వికారాలన్నీ మానివేశాడు. కోపంతో బిగుసుకున్న ఒక వృద్ధుని ముఖం, అంతే. భయపెట్టే గీత ఆయనకు అలవాటు కాదు, ఎంపిక అని రుజువు చేయడానికి ఈ ఒక్క ఘట్టం చాలు.

అయితే అదే గ్రంథంలో అభ్యంతరకరమైన పుటలూ ఉన్నాయి. తొలి సంపుటం ఆరంభంలో కైరో నగరపు అరబ్బులు ఒక ఇంగ్లీషు స్త్రీని చుట్టుముట్టే దుర్మార్గులుగా దర్శనమిస్తారు. లండను రేవుపేటలోని చైనీయుల నాయకుడు ఆనాటి జాత్యహంకార నవలలలోని దుష్టుని ప్రతిరూపం. విక్టోరియా యుగపు దురభిమానాలను ఎత్తిచూపడానికే వాటిని యథాతథంగా వాడామన్నది సమర్థకుల వాదం. రచనలో ఆ వ్యంగ్యం ఉన్నదన్నది నిజమే. బొమ్మలో అది కనిపించడం లేదు. ఎందుకంటే ఓనీల్ గీత అందరినీ వికృతపరుస్తుంది. ఆంగ్లేయుని వికారం అతని వ్యక్తిత్వానికి సంబంధించినదిగా కనిపిస్తుంది, చైనీయుని వికారం అతని జాతికి సంబంధించినదిగా కనిపిస్తుంది. శతాబ్దకాలపు పూర్వచిత్రాల బరువు ఆ రెండవదాని వెనుక ఉన్నది కదా. తరువాతి ‘బ్లాక్ డోసియర్’ (2007)లో పాత ఇంగ్లీషు పిల్లల పుస్తకాలలోని నల్లబొమ్మ పాత్రను వీరునిగా పునరుద్ధరించే ప్రయత్నం చేసినప్పుడు విమర్శ మరింత తీవ్రంగా వచ్చింది. ఉద్దేశం శుద్ధమైనదే కావచ్చు. శుద్ధమైన ఉద్దేశాలను నమ్మరాదని నేర్పినవాడు టార్కెమాడాను గీసిన ఓనీలే.

ఈ గ్రంథమాలకూ నిషేధం తప్పలేదు. 2000లో, తొలి సంపుటం అయిదవ సంచిక వెనుక పుటలలో విక్టోరియా కాలపు వ్యాపార ప్రకటన ఒకదానిని యథాతథంగా ముద్రించారు. అందులోని స్త్రీల సరకు పేరు యాదృచ్ఛికంగా ‘మార్వెల్’, అంటే ప్రచురణకర్తకు పోటీ అయిన సంస్థ పేరు. డి.సి. అధిపతి పాల్ లెవిట్జ్ ముద్రించిన ప్రతులన్నింటినీ ధ్వంసం చేయించి సంచికను మళ్ళీ అచ్చు వేయించాడు. రాక్షసులు, రక్తం, శిలువలు అడ్డురాని చోట ఒక పాత ప్రకటన అడ్డువచ్చింది.

మాలలోని చివరి భాగాలు పాఠకునికి శ్రమ. ప్రతి చిత్రఖండంలోనూ పది గ్రంథాల జాడలు పొందుపరచడంతో కథ ఆ బరువుకు కుంగిపోయింది. నీమో కుమార్తె జానీ కథలు మూడూ (2013, 2014, 2015) ఇందుకు మినహాయింపు. వాటిలో మంచు, యంత్రాలు, సముద్రం గీయడానికి ఓనీల్‌కు కావలసినంత చోటు దొరికింది.

2018-19లో వెలువడిన ఆఖరి భాగం ‘ది టెంపెస్ట్’ పాత బ్రిటిష్ పిల్లల వారపత్రికల రూపురేఖలను అనుకరిస్తుంది. దాని సంచికలలో ప్రచురణకర్తల చేతిలో అన్యాయానికి గురైన పూర్వ చిత్రకారులను స్మరించే వ్యాసాలు చేర్చారు. తాను సృష్టించిన పాత్రలపై హక్కుల కోసం ఏడేండ్లు వ్యాజ్యం నడిపి 1987లో రాజీతో బయటపడ్డ లియో బాక్సెండేల్, పేరు లేకుండా దశాబ్దాలు గీసిన కెన్ రీడ్ వారిలో ఉన్నారు. అది ముగిసిన మూడేండ్లకు, 2022 నవంబరు 3న, ఓనీల్ తన అరవై తొమ్మిదవ ఏట కాన్సరుతో మరణించాడు. ‘నెమెసిస్’ చివరి భాగాన్ని వేరొకరు గీయగా, 1999లో దాని ముగింపు అధ్యాయానికి మాత్రం ‘2000 ఏ.డి.’ పత్రిక మళ్ళీ ఆయననే పిలిపించింది. ఆ పుటల మీద కూడా ఆయన పేరు చిన్న పట్టీలో ఉంది.